ఒకే ఇంట్లో రెండు లెక్కలు: విశ్వాసం, క్రియల మీద ఒక పాస్టర్ కేస్ స్టడీ

ఈ కేసులో ఉన్న అక్కాతమ్ముళ్లిద్దరూ మా సంఘ సభ్యులు. అక్క రిటైరైన స్టాఫ్ నర్సు, వయసు అరవై దాటింది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు గుంటూరులో మిర్చి వ్యాపారి, సంఘ పెద్ద. నేను ఆ జిల్లాలోనే లూథరన్ పాస్టర్‌గా పనిచేస్తున్నాను. తోటి పాస్టర్లకు పనికొస్తుందనుకుంటే తన సంగతి రాయమని ఆమె బతికి ఉండగానే నాకు చెప్పారు. తమ్ముడికి ఇది చదివి వినిపించాను. ఆయన తీసేయమన్న మాటలు తీసేశాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కేసు నా దగ్గరికి వచ్చిన తీరు

ఆమెకు రొమ్ము క్యాన్సర్. కీమో నడుస్తోంది. ఎన్నో ఏళ్లుగా షుగర్ కూడా ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు. మూడు వారాలకోసారి కీమో ఎక్కించుకుని ఇంటికొచ్చేవారు. నోట్లో పుండ్లు తగ్గి నాలుగు ముద్దలు తినగలిగే సమయానికి ఉపవాసం మొదలుపెట్టేవారు. అలాంటి ఒక ఉపవాసంలో తెల్లవారుజామున షుగర్ పడిపోయి బాత్రూం గుమ్మం దగ్గర కూలిపోయారు. ఆస్పత్రిలో క్యాన్సర్ డాక్టర్ ఆమె మేనకోడల్ని పక్కకు పిలిచి, తెల్లకణాలు ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఒంట్లో తిండి లేకపోతే తర్వాతి కీమో ఇవ్వలేనని చెప్పారు. "నా మాట వినడం లేదు. మీ పాస్టర్‌గారితో చెప్పించండి" అన్నారు. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో తిరిగిన మనిషికి ఇన్సులిన్ మీద ఉండి ఉపవాసం ఉంటే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊళ్లో ఆమెను అందరూ సిస్టరమ్మ అనే పిలుస్తారు. షుగర్ ఉన్నవాళ్లు ఎప్పుడు ఏం తినాలో ఇంటింటికీ చెప్పింది ఆమే. నేను మంచం పక్కన కూర్చుని అదే అడిగాను. "తెలుసు అయ్యగారూ. తెలిసే ఉంటున్నాను" అన్నారు.

తలగడ కింద ఒక లాంగ్‌సైజ్ నోటుబుక్ ఉంది. మొదటి రోజు చూపించలేదు. కొన్నాళ్ల తర్వాత తనే తీసి నా చేతికిచ్చారు. తేదీ, ఉపవాసం, ఇచ్చిన సొమ్ము, ఎవరికి ఇచ్చింది అని గీతలు గీసి పట్టిక వేసుకున్నారు. నర్సులు చార్టు రాసే పద్ధతిలో, ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. టీవీలో వచ్చే ఒక ప్రసంగీకుడి సేవకు, గుడి కట్టుబడికి, ఊళ్లో బీదవాళ్లకు, అనాథ పిల్లల ఫీజులకు పెన్షన్‌లో సగానికి పైగా పోతోంది. ప్రతి పేజీ అడుగున మొత్తం కూడి ఉంది. ఆ మొత్తాన్ని దేనికి సరిపోల్చుకుంటున్నారో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇది విశ్వాసానికి సంబంధించిన బాధే అని తేల్చుకునే ముందు వేరే సంగతులు అడగాలి. నిద్ర పడుతోందా, బతకాలని ఉందా, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఒకే పాపాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకోకపోతే స్థిమితం ఉండటం లేదా అని నేను సూటిగానే అడుగుతాను. ఆమెకు నిద్ర లేదు, దిగులు ఉంది. చావాలని మాత్రం లేదు. చావంటే భయం ఉంది. అదే ఆస్పత్రిలో మానసిక వైద్యుడికి చూపించమని చెప్పాను. ఆయన చిన్న మోతాదులో మందు ఇచ్చారు, నిద్ర కొంత కుదిరింది. ప్రార్థన చేస్తే సరిపోయేదానికి మాత్రలు ఎందుకని ఆమె అడిగితే, "ఇన్సులిన్ ఎందుకో ఇదీ అందుకే" అన్నాను. ఈ మెట్టు దాటేసి నేరుగా వాక్యంలోకి దిగే పాస్టర్లను చూశాను. మందులతో తగ్గే దిగులును అవిశ్వాసమని పేరు పెట్టి మనిషిని ఇంకా లోతుకు నెడతారు.

తమ్ముడు చెప్పిన ఓదార్పు

తమ్ముడు అక్కను ప్రేమగానే చూసుకున్నారు. కారులో ఆస్పత్రికి తిప్పడం, బిల్లులు కట్టడం అంతా ఆయనే. సాయంత్రం వచ్చి మంచం దగ్గర కూర్చుని బైబిల్లో ఎఫెసీ పత్రిక తీసేవారు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు. నమ్మితే చాలక్కా. మనం చేసేది ఏమీ లేదు" అనేవారు. ఆ వచనం ఆయనకు కంఠతా వచ్చు. ఆదివారం సాక్ష్యంలో కూడా అదే చెబుతారు.

ఒకసారి నేను అక్కడ ఉండగానే ఆమె కళ్లు తెరిచి అన్నారు: "నమ్మితే చాలనుకునే కదరా నువ్వు ఇట్లా తయారయ్యావు."

ఆయన మొహం మాడిపోయింది. లేచి వెళ్లిపోయారు. ఈ కేసుకు తాళంచెవి ఆ మాటే అని నేను అనుకుంటున్నాను.

ఆమె అన్నది దేని గురించో ఊరంతటికీ తెలుసు. గుంటూరులో ఎండుమిర్చి తొడిమలు తీసే పని ఆడవాళ్లు చేస్తారు. సీజన్‌లో షెడ్లలో కింద కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఘాటులో, ముక్కుకు గుడ్డ కట్టుకుని కాయ కాయకూ తొడిమ తుంచుతారు. వేళ్లు రాత్రంతా మండుతూనే ఉంటాయి. మేస్త్రీ ద్వారా పనికి వస్తారు, కూలి కూడా మేస్త్రీ చేతుల మీదుగానే వస్తుంది. ఈయన దగ్గర రెండు సీజన్ల కూలి బాకీ ఉండిపోయింది. "రేటు పడిపోయింది, సరుకు కోల్డ్ స్టోరేజీలోనే ఉంది, అమ్మాక లెక్క చూద్దాం" అన్నారు. సరుకు అమ్ముడుపోయింది. లెక్క మాత్రం చూడలేదు. ఆ ఆడవాళ్లలో మా సంఘం వాళ్లూ ఉన్నారు. సంస్కారపు ఆదివారం, అంటే ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు, ఆయన ముందు వరుసలో, వాళ్లు వెనక వరుసలో మోకరించేవారు.

కాబట్టి ఆ ఇంట్లో కృప అనే మాటకు కళ్లెదుట ఉన్న సాక్ష్యం ఆయనే. అక్క తెలివైన మనిషి. కృప ఫలం ఇదే అయితే తనకు వద్దనుకున్నారు, క్రియల వైపు జరిగారు. ఇలాంటివాళ్లు సిద్ధాంతం తెలియక భయపడుతున్నారని పాస్టర్లం అనుకుంటాం కానీ, చాలా ఇళ్లలో ఒకరు కృపను చవక చేయడం వల్లే ఇంకొకరు ధర్మశాస్త్రానికి, అంటే ఆజ్ఞల లెక్కకు, బానిస అవుతారు. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఒకడు అడుగుతాడు కదా, క్రియలు లేకుండా నీ విశ్వాసం నాకు చూపించు అని. ఆమె తమ్ముణ్ని అడిగింది సరిగ్గా అదే. ఆ ప్రశ్నకు తమ్ముడే జవాబు చెప్పాలి. పాస్టర్ ఎంత బాగా బోధించినా ఆ ఖాళీ పూడదు.

నా అంచనా

పౌలు, యాకోబు కొట్లాడుకుంటున్నారా అన్న ప్రశ్న పాతదే. రోమా మూడో అధ్యాయంలో మనుషుడు ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్లే నీతిమంతుడని పౌలు అంటాడు. విశ్వాసం మాత్రమే కాదు, క్రియల మూలంగా అని యాకోబు అంటాడు. ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు. పౌలు ఆదికాండం 15వ అధ్యాయం దగ్గర నిలబడతాడు. అక్కడ అబ్రాహాము చేసింది ఏమీ లేదు, నక్షత్రాలు చూసి దేవుని మాట నమ్మాడు. యాకోబు 22వ అధ్యాయం దగ్గర నిలబడతాడు. ఇస్సాకును తీసుకుని కొండెక్కిన రోజు అది, మధ్యలో చాలా ఏళ్లు గడిచాయి. ఒకరు మొదలు గురించి, ఇంకొకరు ఆ మొదలు నిజమేనని తేలిన రోజు గురించి మాట్లాడుతున్నారు. ఎదుట ఉన్నవాళ్లూ వేరు. దేవుని ముందు తమ లెక్కలు పరిచేవాళ్లతో పౌలు మాట్లాడితే, చలికి వణికే సహోదరుణ్ని "సమాధానముగా వెళ్లుడి" అని ఒట్టి చేతులతో పంపేవాళ్లతో యాకోబు మాట్లాడాడు.

మా లూథరన్లలో యాకోబు పత్రిక అంటే కొంత ఇబ్బంది ఉంది, 1522లో మా సంఘాల మూలపురుషుడు మార్టిన్ లూథర్ దాన్ని తక్కువ చేసి మాట్లాడాడు కాబట్టి. అదే లూథర్ అంతకు రెండేళ్ల ముందు సత్‌క్రియల గురించే ఒక పుస్తకం రాశాడని, అన్నిటికంటే ముందున్న సత్‌క్రియ క్రీస్తును నమ్మడమేనని అందులో చెప్పాడని మావాళ్లకు గుర్తుచేయాల్సి వస్తుంది. 1547లో కతోలికుల ట్రెంట్ సభ వేరే దారిలో తీర్మానం చేసింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కతోలికులు కలిసి సంతకం పెట్టిన ప్రకటన, మన యోగ్యత వల్ల కాక కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, పరిశుద్ధాత్మ మనల్ని సత్‌క్రియలకు సిద్ధపరుస్తాడని ఒప్పుకుంది. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు దానితో కలిశాయి. ఇది మంచం పక్కన పనికొచ్చే సంగతా అని అడగొచ్చు. ఇక్కడ పనికొచ్చింది. సిస్టరమ్మతో నర్సింగ్ చదివిన స్నేహితురాలు ఒకరు కతోలిక కన్యాస్త్రీ (నన్). ఆమె చూడ్డానికి వస్తానంటే, "అయ్యగారు ఏమనుకుంటారో" అని ఈమె సందేహించారు. రమ్మనండి, ప్రార్థన కూడా చేయించుకోండి అన్నాను. ఆ సిస్టర్ వచ్చి చెప్పింది కూడా నేను చెబుతున్నదే: మనం చేసేది ఆయన ముందే చేసినదానికి జవాబు మాత్రమే అని. రెండు వైపుల నుంచి ఒకే మాట వినడం ఆమెకు బలమిచ్చింది.

అయితే ఈ కేసులో నాకు దారి చూపించింది రోమా నాలుగో అధ్యాయంలో పక్కపక్కన ఉన్న రెండు వచనాలు. నాలుగో వచనం: "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." ఐదో వచనం: "పనిచేయక, భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువానియందు విశ్వాసముంచువానికి వాని విశ్వాసము నీతిగా ఎంచబడుచున్నది." విశ్వాసం గురించి బైబిల్లో ఇంతకంటే బలమైన మాట దొరకదు. ఆ మాట చెప్పడానికి ముందు పౌలు, ఎవరూ కాదనలేని సంగతిగా ఒకటి చెబుతున్నాడు: కూలి అనేది బాకీ. మనిషికీ మనిషికీ మధ్య అది బాకీయే కాబట్టే, దేవుడు ఆ పద్ధతిలో లెక్క వేయకపోవడం సువార్త అయింది.

తమ్ముడు ఈ రెండూ తారుమారు చేశారు. దేవుడు తన దగ్గర లెక్క అడగలేదు కాబట్టి, తాను ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదనుకున్నారు. అక్క కూడా తారుమారు చేశారు, ఇంకో వైపు నుంచి. మనుషులకు పడ్డ ఒక బాకీని దేవునికి వాయిదాల్లో కడుతున్నారు. ఆ బాకీ ఏమిటో నాకు అప్పటికి తెలియదు. కానీ నోటుబుక్ చూశాక, ఏదో ఒకటి ఉందని అర్థమైంది.

అక్కతో చేసిన పని

వచనాలతో మొదలుపెట్టలేదు. ఎఫెసీ 2:8 ఆమె రోజూ వింటున్నదే. ఉద్యోగం గురించి అడిగాను. మొదటి పోస్టింగ్, నైట్ డ్యూటీలు, ఆ రోజుల్లో కాన్పుల వార్డు. గుంటూరులో నర్సులకు డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు చెబితే కళ్లు మెరుస్తాయి. 1883లో అమెరికా నుంచి వచ్చి, 1930లో చనిపోయేదాకా ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేసిన మనిషి. ఆమెలా బతకాలనే తాను నర్సింగ్‌లో చేరానని సిస్టరమ్మ చెప్పారు. చెబుతూ ఏడ్చారు. "నేను ఆమెలా బతకలేదయ్యగారూ" అన్నారు. ఎందుకు అని నేను అడగలేదు. ఆగాను.

తర్వాత ఒక రోజు చెప్పారు. చిన్న వయసులో, ఒక రాత్రి, కాన్పు కష్టమవుతోందని తెలిసి కూడా డాక్టర్‌ను నిద్ర లేపడానికి జంకారు. అంతకుముందు లేపినప్పుడు అందరి ముందూ తిట్లు తిన్నారు. ఇంకాసేపు చూద్దాం అనుకున్నారు. బిడ్డ చనిపోయి పుట్టింది. కేస్ షీట్‌లో డాక్టర్‌కు అసలు కంటే ముందే కబురు పంపినట్టు టైం మార్చి రాశారు. ఎవరూ అడగలేదు. తల్లి ఈమె చెయ్యి పట్టుకుని, రాత్రంతా దగ్గరే ఉన్నారని దండం పెట్టి వెళ్లింది. ఆ దండం తనను వదల్లేదన్నారు.

నోటుబుక్‌లోని మొత్తాలు దేనికి ఎదురుగా కూడుతున్నారో అప్పుడు తెలిసింది.

ఇక్కడ పాస్టర్ నోరు జారడానికి రెండు చోట్లు ఉన్నాయి. "అయ్యో, అందులో మీ తప్పేముందమ్మా, ఆ రోజుల్లో అలాగే ఉండేది" అనడం మొదటిది. అది అబద్ధం. ఆమెకు నిజం తెలుసు, మన మాట మీద నమ్మకం పోతుంది. "అందుకే క్యాన్సర్ వచ్చింది" అనడం రెండోది. అది ఇంకా పెద్ద అబద్ధం. పుట్టుగుడ్డి గురించి శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ లెక్కను కొట్టిపారేశాడు. టీవీ ప్రసంగీకుడు ఈమెకు ఫోన్‌లో చెప్పింది మాత్రం ఆ రెండోదే: ఏదో చెల్లించాల్సినది మిగిలి ఉంది కాబట్టే రోగం పోవడం లేదని. ఆ మాట మీదే ఆయనకు సొమ్ము పెట్టిన కవర్లు పోతున్నాయి. ఇలాంటి బోధ మీద నాకు కోపం ఉంది, దాచుకోను. చావు భయంలో ఉన్న ఆడమనిషి పెన్షన్ మీద బతికే సేవ క్రీస్తు సేవ కాదు.

లూథరన్ ఆచారంలో పాస్టర్ ముందు ఒంటరిగా పాపం ఒప్పుకుని క్షమాపణ మాట వినే పద్ధతి ఉంది. లూథరన్ల మూల విశ్వాస పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 11వ అంశంలో దాన్ని నిలబెట్టుకోవాలనే రాశారు. మన సంఘాల్లో అది దాదాపు కనుమరుగైంది. ఆరాధనలో అందరం కలిసి చదివే ఒప్పుకోలుతో సరిపెట్టుకుంటున్నాం. ఇలాంటి గాయానికి అది చాలదు. మేనకోడల్ని బయట కూర్చోబెట్టి, ఆమె ఆ రాత్రి సంగతి దేవుని ముందు మొదటి నుంచి చివరిదాకా చెప్పారు, టైం మార్చి రాసినదానితో సహా. ఆమె తల మీద చెయ్యి ఉంచి, క్రీస్తు ఆజ్ఞను బట్టి ఆ పాపం, పేరు పెట్టి అదే పాపం, క్షమించబడిందని చెప్పాను.

"ఇంత తేలిగ్గానా?" అన్నారు.

"తేలిక కాదు సిస్టరమ్మగారూ. ఖరీదు కట్టింది మీరు కాదు, అంతే."

తాను మరి ఏం చేయాలని అడిగారు. అదొక నర్సు అడగాల్సిన ప్రశ్నే, ఏదో ఒకటి చేయకుండా ఉండలేరు. సెలైన్ ఎక్కేటప్పుడు పేషెంట్ చెయ్యి ఏం చేస్తుందని అడిగాను. "కదలకుండా ఉండాలి" అన్నారు. విశ్వాసం చేసే పని అంతే అని చెప్పాను. చెయ్యి లేకపోతే సెలైన్ ఎక్కదు. కానీ ప్రాణం నిలబెట్టేది చెయ్యి కాదు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం గుడ్డు తిన్నారని మేనకోడలు ఫోన్‌లో చెప్పింది.

ఆ తల్లిని వెతుకుదామన్నారు. ప్రయత్నించాం. పాత రికార్డులు లేవు, ఊరి పేరు ఆమెకు సరిగ్గా గుర్తులేదు. దొరకలేదు. పశ్చాత్తాపానికి ఫలం ఉండాలని బాప్తిస్మమిచ్చు యోహాను అన్నాడు. బాకీ ఉన్న మనిషి దొరకనప్పుడు ఆ ఫలం ఎక్కడ కాయాలి అన్నది నిజమైన ప్రశ్నే, దానికి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. జవాబు ఆమే కనుక్కున్నారు. మేనకోడలు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఆ రాత్రి సంగతి మొత్తం చెప్పారు. "అర్ధరాత్రైనా సరే డాక్టర్‌ను లేపు. తిట్లు తిను. షీట్‌లో జరిగిన టైమే రాయి" అన్నారు. ఓపిక ఉన్న రోజుల్లో ఆ అమ్మాయి స్నేహితురాళ్లు కూడా వచ్చేవారు. కాన్పు ఎప్పుడు చేయి దాటుతోందో ఎలా గుర్తుపట్టాలో మంచం మీద నుంచే నేర్పారు. ఎఫెసీ పత్రికలో ఎనిమిది, తొమ్మిది వచనాలు చదివి ఆపేసేవాళ్లకు పదో వచనం గుర్తుండదు: దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తులో సృష్టించబడ్డాం. ఆమెకు సిద్ధపరచిన పని ఆ గదిలోకే వచ్చింది. దాన్ని ఆమె నోటుబుక్‌లో ఎక్కించలేదు.

తమ్ముడితో చేసిన పని

మత్తయి 18 ప్రకారం మొదట ఒంటరిగా మాట్లాడాను. ఆయన వాదన నాకు ముందే తెలుసు, అయినా పూర్తిగా విన్నాను. మేస్త్రీకి కొంత ఇచ్చానన్నారు, మార్కెట్ దెబ్బతిన్నదన్నారు. చివరికి, "అయ్యగారూ, క్రియల వల్ల రక్షణ లేదని మీరే కదా బోధిస్తారు" అన్నారు.

"అన్నా, కూలి ఇవ్వడం సత్‌క్రియ కాదు. బాకీ. బాకీ తీర్చాక చేసేది సత్‌క్రియ" అన్నాను. రోమా 4:4 చదివాను. ఆయనకు ఐదో వచనం కంఠతా వచ్చు. నాలుగోది ఎప్పుడూ విన్నట్టు లేరు. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదన్న లేవీయకాండం మాట, బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందన్న యాకోబు ఐదో అధ్యాయం కూడా చదివాను. సువార్త జోలికి ఆ రోజు వెళ్లలేదు. ఆయనకు అప్పుడు కావాల్సింది ధర్మశాస్త్రం.

ఆయనకు తన వంశం మీద గర్వం. వాళ్ల ముత్తాత ఒంగోలు వైపు మనిషి, 1878లో గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందినవాళ్లలో ఒకరని ఇంట్లో చెప్పుకుంటారు. 1876-78 కరవులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి దొరికేలా చూశారు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం ఎవరూ విశ్వాసాన్ని అడ్డం పెట్టుకోకూడదని. కరవు సాయం ముగిశాక, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "మీ ముత్తాతకు కూలి ముందు అందింది, బాప్తిస్మం తర్వాత వచ్చింది. ఆ కూలికీ ఈ విశ్వాసానికీ సంబంధం లేదని ఆయన అనుకుని ఉంటారా?" అని అడిగాను. జవాబు చెప్పలేదు.

మూడు వారాలు గుడికి రాలేదు. ఇంకో సంఘానికి వెళ్లారు. ఇద్దరు పెద్దల్ని తీసుకుని మళ్లీ వెళ్లాను. బాకీ తేలేదాకా సంఘ పెద్ద హోదాలో సంస్కారం దగ్గర సేవ చేయకుండా ఉండమని సంఘ కమిటీ కోరింది. ఇది అందరికీ నచ్చలేదు. గుడి పైకప్పుకు ఎక్కువ సొమ్ము ఇచ్చింది ఆయనే కదా అని ఒకరిద్దరు అన్నారు. ఆ పైకప్పులో కొంత భాగం ఆ ఆడవాళ్ల కూలే అని స్త్రీల సమాజం నాయకురాలు లేచి చెప్పింది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఆయన్ని కదిలించింది నేనూ కాదు, కమిటీ కూడా కాదు. అక్క తన పాత రాత్రి సంగతి తమ్ముడికి కూడా చెప్పారు. ఎందుకు చెప్పావని తర్వాత అడిగారట ఆయన. "నా బాకీ తీసుకునే మనిషి దొరకలేదురా. నీవాళ్లు ఎదురుగా ఉన్నారు" అన్నారట. ఆ వారంలో మొదటి విడత కూలి ఇచ్చారు, మేస్త్రీ ద్వారా కాకుండా నేరుగా, పేరు పేరునా పిలిచి. బైబిల్లో జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఈయన అసలు మాత్రమే ఇచ్చారు, అదీ వాయిదాల్లో. నేను దాన్ని చిన్నది చేయను.

వెనక్కి జారిన రోజులు

స్కాన్‌లో కాలేయానికి పాకిందని తెలిశాక ఆమె మళ్లీ ఉపవాసం మొదలుపెట్టారు. టీవీ ప్రసంగీకుడికి మళ్లీ కవరు వెళ్లింది. మేనకోడలు భయపడి ఫోన్ చేసింది. ఇలా జరుగుతుందని కొత్త పాస్టర్లు ముందే తెలుసుకోవాలి. నలభై ఏళ్ల అలవాటు ఒక క్షమాపణ మాటతో మాయం కాదు, భయం తిరిగొస్తే అదీ తిరిగొస్తుంది. పాత వాదనలు మళ్లీ చెప్పలేదు. ఇంటికి వెళ్లి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చాను. "ఇది నీ కొరకు" అన్న మాట వింటూ ఆమె నోరు తెరవాలి కదా. తినడమే అక్కడ విశ్వాసం. ఆ రోజు నుంచి, ప్రభు బల్ల తీసుకున్న రోజు మామూలు అన్నం కూడా తినాలని మా ఇద్దరి మధ్య ఒప్పందం పెట్టుకున్నాం. డాక్టర్‌కు ఆ సంగతి చెబితే ఆయన మందుల చీటీ మీద దాన్ని కూడా రాశారు.

తమ్ముడు కూలి ఇచ్చిన సంగతి ఆమెకు తెలిసింది ఆ రోజుల్లోనే. సాయంత్రం ఆయన మళ్లీ ఎఫెసీ తీశారు. ఈసారి ఆమె ఆపలేదు. "చదువు. ఇప్పుడు నువ్వు చదివితే వినబుద్ధేస్తోంది" అన్నారు.

ఫలితం

ఆమె ఆ తర్వాత కొన్ని నెలలు బతికారు. భయం పూర్తిగా పోయిందని నేను రాయలేను. రాత్రిళ్లు వచ్చేదని మేనకోడలు చెప్పింది. ఉపవాసాలు ఆగాయి, కవర్లు ఆగాయి, షుగర్ మళ్లీ పడిపోలేదు. నోటుబుక్ ఏం చేయాలని అడిగితే ఆమె ఇష్టమే అన్నాను. అనాథ పిల్లల ఫీజుల పేజీలు మాత్రం చించి మేనకోడలికి ఇచ్చారు, ఎవరికి ఎంత కట్టాలో తెలియాలని. దేవునికి లెక్క చూపించడానికి రాసుకున్న కాగితాలు పిల్లల ఫీజుల చీటీలుగా మారాయి.

తోటి పాస్టర్లు నన్ను అడిగేది ఒకటే: విశ్వాసం ముఖ్యమా, క్రియలు ముఖ్యమా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అడుగుతున్నది ఎవరో చూడకుండా నేను ఇప్పుడు జవాబు చెప్పను. మోయలేని బరువుతో అడుగుతున్నారా, దించుకోకూడని బరువు దించుకోవడానికి అడుగుతున్నారా అని చూస్తాను. రెండో రకం వాళ్లను మరో మాట అడుగుతాను: మీరు ఎవరికైనా బాకీ ఉన్నారా? డబ్బు కావచ్చు, నిజం కావచ్చు, క్షమాపణ కావచ్చు. ఆ జవాబు వచ్చాకే పత్రికలు తెరుస్తాను. ఇంకొకటి, అడిగిన మనిషి ఇంట్లో ఇంకెవరున్నారో కూడా కనుక్కుంటాను. ఈ కేసులో అక్కను మాత్రమే చూసి ఉంటే ఆమెకు ఇంకో పది ప్రసంగాలు చెప్పేవాణ్ని, తమ్ముడు ముందు వరుసలోనే ఉండేవారు.

సంఘ పెద్దగా పేరు ప్రతిపాదించే ముందు, పనివాళ్లకు కూలి బాకీ ఉందా అని అడగాలని కమిటీలో ఒక తీర్మానం పెట్టాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు వస్తుంది. వ్యతిరేకించేవాళ్లు ఉన్నారు. తమ్ముడు ఇంకా సంఘ పెద్ద పదవికి తిరిగి రాలేదు, వస్తానని అడగనూ లేదు. ఆరాధనకు మాత్రం వస్తున్నారు. ఇద్దరు ఆడవాళ్ల కూలి ఇంకా మిగిలి ఉంది. వాళ్లు పని మానేసి సొంత ఊరికి వెళ్లిపోయారు. ఆ ఊరి పాస్టర్ ఫోన్ నంబర్ తెచ్చి ఆయనకు ఇచ్చాను. కొత్త సీజన్ మొదలయ్యేలోగా పంపుతానన్నారు. పంపారో లేదో వాళ్లనే అడిగి తెలుసుకుంటానని ఆయనకు చెప్పాను.